గడువు తీరకముందే ఖాళీ అయిన గోడౌను

ఇల్లు అద్దెకిప్పించడం పెద్ద పనేం కాదు. ఫోన్‌లో నాలుగు ఫోటోలు పెడితే సాయంత్రానికల్లా పదిమంది అడుగుతారు. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అదే పని అనుకుంటున్నారు, కమీషను కనిపించేది అక్కడే కనుక. నా ఉద్యోగం అసలు మొదలయ్యేది అద్దెకున్నవాడు వెళ్ళిపోయే రోజున. అందులోనూ ఒప్పందం గడువు ఇంకా మిగిలి ఉండగా వెళ్ళిపోయే రోజున.

నేను పెద్దగా చదువుకోలేదు. గుడివాడలో ఒక రైసు మిల్లులో గుమస్తాగా చేరి, అక్కడి పెద్దవాళ్ళ పక్కన కూర్చుని వడ్డీ లెక్కలు నేర్చుకున్నాను. మిల్లు మూతపడ్డాక బందరులో ఒక ఆసామి షాపులూ ఇళ్ళూ చూసిపెట్టే పనిలో కుదిరాను. తర్వాత సొంతంగా, సొంత ఓపిక లేని యజమానుల తరఫున, గుడివాడ నుంచి దివిసీమ దాకా తిరిగాను. మనిషిని వెతకడం, కాగితం రాయించడం, నెలనెలా అద్దె వసూలు చెయ్యడం, చివర్న తాళం పుచ్చుకోవడం నా పనులు. చూపు తగ్గి, స్టాంపు కాగితం మీద అక్షరాలు అలుక్కుపోతున్నట్టు కనిపించడం మొదలయ్యాక మానేశాను. అరవై ఇంకా రాలేదు. అనుమానం మాత్రం తగ్గలేదు. "పాలవాడు కొత్తగా వచ్చినా ఎన్నాళ్ళు పోస్తావని అడుగుతారు మీరు" అని మా ఆవిడ దెప్పుతుంది. అడుగుతాను. అందులో తప్పేముంది?

వెళ్ళేవాడి వాలకం

అద్దె ఎగ్గొట్టేవాణ్ణి కనిపెట్టడం తేలిక. రెండు నెలలు ఆలస్యం చేస్తాడు, మూడో నెల ఫోను ఎత్తడు. కష్టమంతా మర్యాదగా ఉంటూ లోపల్లోపల సర్దుకునేవాడితోనే. వాడు అద్దె సరిగ్గానే కడతాడు. ఎదురుపడితే నమస్కారం కూడా కాస్త ఎక్కువగానే పెడతాడు.

అలాంటివాణ్ణి మాటల్ని బట్టి పట్టుకోలేం. కుళాయి కారుతున్నా బాగుచెయ్యమని అడగడం మానేశాడా? పాడైన బల్బు మార్చకుండా చీకట్లోనే తిరుగుతున్నాడా? పిల్లల బడి ఫీజు రెండో విడత కట్టలేదా? ఇంటి గురించి గొణగడం మానేసిన అద్దెదారుని చూస్తే నాకు నిద్ర పట్టేది కాదు. ఇంకొన్నాళ్ళు ఉండాలనుకున్నవాడే ఏదో ఒకటి గొణుగుతాడు.

కరెంటు బిల్లు మీద నాకు ఎక్కువ నమ్మకం. సర్వీసు నంబరు ఉంటే ఎవరైనా చూడొచ్చు. షాపు నడుస్తుంటే యూనిట్లు ఒక తీరున కాలతాయి. నెలనెలా మెట్లు దిగినట్టు తగ్గుతూ వస్తే లోపల సరుకు తగ్గుతోందని అర్థం. యజమానులకు ఈ మాట చెబితే నవ్వేవారు. "నీకు అందరూ దొంగల్లానే కనబడతారయ్యా" అనేవారు. అందరూ అని నేనెప్పుడూ అనలేదు.

బందరు ఆసామి, కోసిన తాళం

నేను మొదట పనిచేసిన బందరు ఆసామి మంచివాడే గానీ తొందర మనిషి. చిలకలపూడిలో ఆయన షెడ్డొకటి రోల్డు గోల్డు నగలు చేసే ఒకాయనకు అద్దెకిచ్చాం. ఏడాదింకా మిగిలి ఉండగా ఆయన తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. మా ఆసామి మూడు వారాలు ఓర్చుకుని, నాలుగో వారం మనిషిని పిలిపించి తాళం కోయించాడు. నేను వద్దన్నాను.

"నా షెడ్డు, నా తాళం. ఎవడు అడుగుతాడు?" అన్నాడు.

తాళం ఆయనది కాదు. అద్దెకున్నవాడిది. లోపల నాలుగు విరిగిన బల్లలు తప్ప ఇంకేమీ లేవు. పది రోజుల తర్వాత నోటీసు వచ్చింది, లోపల నగల అచ్చులూ రాగి తీగ చుట్టలూ ఉండాలి, అవి ఏమయ్యాయో చెప్పమని. లేవని మేం చూపించలేం. తాళం కోసిన రోజున పక్కన సాక్షి లేడు, ఫోటో లేదు. మిగిలిన ఏడాది అద్దె అడగాల్సిన ఆసామే చివరికి ఎదురు డబ్బిచ్చి రాజీ పడ్డాడు. రావాల్సింది పోగొట్టుకుని, లేనిదానికి పరిహారం కట్టాడు.

అప్పటి నుంచి ఎవరు ఎంత తొందరపెట్టినా నేను రెండు విషయాల్లో పట్టు వదల్లేదు. వాడి తాళాన్ని మనం కొయ్యకూడదు. వాడు ఇచ్చే తాళం చెవిని కాగితం లేకుండా ముట్టుకోకూడదు. చెయ్యి చాచి తీసుకున్నామా, వాడు ఖాళీ చేయడానికి మనం ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత మిగిలిన నెలల అద్దె అడగడానికి నోరు పెగలదు.

మరో సంగతి కూడా చెప్పాలి. మన యజమానుల్లో సగం మంది రిజిస్ట్రేషను ఖర్చు చూసి పదకొండు నెలల కాగితం రాయించుకుంటారు, లేదా మూడేళ్ళ ఒప్పందాన్ని రిజిస్టరు చెయ్యకుండా బీరువాలో పెడతారు. వాడు మధ్యలో లేచిపోయాక ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. ఏడాది దాటిన లీజు రిజిస్టరు కాకపోతే అందులోని షరతులు కోర్టులో నిలవవు. వాడు నెలనెలా ఉన్నవాడి కిందే లెక్క. దానికి నేనేం చెయ్యగలను?

అవనిగడ్డ గోడౌను

ఈ గోడౌను యజమానులు అలాంటివాళ్ళు కాదు. నా మాట విని అన్నీ సరిగ్గా చేసినవాళ్ళు. అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

శేషగిరి గారు, రాజ్యలక్ష్మి గారు. రోడ్డు పక్కనే ఇల్లు, ఇంటిని ఆనుకుని గోడౌను. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అనేది, దాంతో ఆయన బావగారూ అనడం మొదలుపెట్టాడు. కిశోర్ అనే కుర్రాడు రొయ్యల మేత వ్యాపారం పెడతానని వచ్చాడు. మేత బస్తాలకు చెమ్మ తగలకూడదు కనుక నేల ఎత్తు పెంచమన్నాడు, లారీ వెనక్కి వచ్చేలా పెద్ద షట్టరు పెట్టమన్నాడు, వెనక తన కుటుంబం ఉండటానికి రెండు గదులు వెయ్యమన్నాడు. శేషగిరి గారు ఇల్లు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చి అన్నీ చేయించారు. అద్దె వస్తే వాయిదా కడతారు. అద్దె ఆగితే ఇల్లు పోతుంది. ఇందులో దాపరికమేమీ లేదు, కిశోర్‌కీ తెలుసు.

ఐదేళ్ళ లీజు, రిజిస్టరు చేయించాను. మొదటి మూడేళ్ళు లాకిన్, అంటే ఆ లోపు ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె పూచీ కిశోర్‌దే. ఆ పేజీ రాస్తున్నప్పుడు అతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "మీరు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను బాబాయ్‌గారూ" అని నవ్వుతూ సంతకాలు చేశాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ రోజే శేషగిరి గారితో అన్నాను. "మీకు ఏడ్చేవాడు కావాలా బావగారూ?" అన్నాడాయన.

ఏడాదిన్నర సవ్యంగా గడిచింది. తర్వాత కరెంటు యూనిట్లు మెట్లు దిగడం మొదలుపెట్టాయి. అడిగితే, చెరువులకు తెగులొచ్చి రైతులు మేత కొనడం లేదన్నాడు. ఆ మాట కొంత నిజమే. పూర్తిగా నిజం కాదని నా లెక్క. ఆ నెల అద్దె రాలేదు, బ్యాంకు వాయిదా తప్పింది. వరసగా మూడు తప్పితే బ్యాంకువాళ్ళు ఊరుకోరు.

ఒక శుక్రవారం సాయంత్రం రాజ్యలక్ష్మి గారు ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, వాళ్ళు ఖాళీ చేసేశారండీ."

"ఎప్పుడమ్మా?"

"పొద్దున్నే. ఝాన్సీ ఇంట్లోకొచ్చి వెళ్తున్నాం పిన్నిగారూ అంది. బొట్టు పెట్టి పంపాను."

ఝాన్సీ అంటే కిశోర్ భార్య.

"తాళం చెవి?"

"అదీ..." అంటుంటే ఫోను కట్టయింది. ఛార్జింగు అయిపోయిందని తర్వాత చెప్పింది. అవునో కాదో.

పళ్ళెంలో తాళం చెవి

మర్నాడు మొదటి బస్సుకు బందరు నుంచి బయల్దేరి వెళ్ళేసరికి శేషగిరి గారు వరండాలో ఫోను పట్టుకుని కూర్చున్నారు. కిశోర్ పంపిన ఫోటో చూపించారు. రాజ్యలక్ష్మి గారు ఇత్తడి పళ్ళెం పట్టుకుని నిలబడింది. పళ్ళెంలో జాకెట్టు ముక్క, తమలపాకులు, అరటిపళ్ళు, వాటి పక్కన గోడౌను తాళం చెవి. ఎదురుగా ఝాన్సీ తల వంచుకుని ఉంది. కింద కిశోర్ రాసిన మాటలు: "మీ ఆశీస్సులతో ఖాళీ చేశాం, తాళం అప్పగించాం, అడ్వాన్సు వీలైనంత త్వరగా పంపగలరు."

బొట్టు పెట్టించుకునేటప్పుడు ఫోటో ఎవరు తీస్తారు? ఎందుకు తీస్తారు? బస్సులో వస్తూ ఇదేదో ఆడవాళ్ళ మర్యాద అనుకున్నాను, ఇక్కడ కనిపించింది ఇంకొకటి. ఇది ముందే వేసుకున్న పథకం.

"చూశారా బావగారూ," అన్నాడు శేషగిరి గారు. "మా ఆవిడ చేతులారా ఇల్లు అప్పజెప్పేసింది. అడుక్కునేవాడొచ్చినా ఇంత పసుపూ కుంకుమా పెట్టి పంపేలా ఉంది."

"అడుక్కునేవాడికి కుంకుమ ఎందుకు పెడతాను?" అంది ఆవిడ లోపల్నించి.

అవనిగడ్డలో ఒక లాయరు గారి దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన ఫోటో చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తాళం చెవి పళ్ళెంలో ఉంది. పళ్ళెం అమ్మగారి చేతిలో ఉంది. వాళ్ళు ఖాళీ చేస్తున్నారని ఆవిడకు తెలుసు. ఇంకేం కావాలి అవతలివాడికి? నాకు తెలీదు, ఆ పిల్ల పుట్టింటికి వెళ్తోందనుకుని బొట్టు పెట్టాను అని ఆవిడ అంటే ఏమన్నా చెప్పుకోవచ్చు."

రాజ్యలక్ష్మి గారు వెంటనే అంది. "తెలుసండీ. తెలిసే పెట్టాను. బొట్టు ఆ పిల్లకి పెట్టాను. లీజు వాళ్ళాయనతో."

లాయరు గారు నా వంక చూశాడు. కేసు అక్కడే కొంత బలహీనపడిందని మా ఇద్దరికీ తట్టింది. అయినా తాళం చెవి మాటేమిటి?

"అది మరి ఎక్కడుందమ్మా?" అన్నాను.

"నా దగ్గర లేదు."

"పళ్ళెంలో ఉందిగా!"

"ఝాన్సీ తెచ్చి పెట్టింది. నేను పళ్ళెం మొత్తం ఆ పిల్ల సంచీలోకి ఒంపేశాను. తాంబూలంలో చేరినదాన్ని వెనక్కి తియ్యకూడదుగా. ముత్తయిదువకు ఇచ్చేటప్పుడు పళ్ళెంలోది ఏరుకుంటానా?"

శేషగిరి గారు నెత్తి కొట్టుకున్నాడు. లాయరు గారు నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. అద్దెకున్నవాళ్ళు తెచ్చి ఇచ్చిన తాళం చెవిని ఏ యజమాని తిరిగి సంచీలో వేస్తుంది? ఈవిడ ఎక్కడో పెట్టి మరిచిపోయిందని, మొగుడి నోటికి భయపడి ఇలా చెబుతోందని అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే కొత్త మనిషి ఒకడు వచ్చాడు. నాగాయలంకలో టెంట్‌హౌస్ నడుపుతున్న సుబ్బారావు. షామియానాలూ కుర్చీలూ పెట్టుకోవడానికి గోడౌను కావాలి, షట్టరు నచ్చింది. అద్దె కాస్త తక్కువ చెప్పాడు గానీ వెంటనే దిగుతానన్నాడు.

"తాళం కోసేద్దాం బావగారూ," అన్నాడు శేషగిరి గారు. "ఇంకో రెండు వాయిదాలు తప్పితే ఇంటి గోడకి నోటీసు అంటిస్తారు. మీ చట్టం వచ్చి కాపాడుతుందా మమ్మల్ని?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేను వారం రోజులు గడువు అడిగాను. సుబ్బారావుని కూడా ఆగమన్నాను. కొత్త మనిషిని వెతకొద్దని నేనెప్పుడూ అనను. గోడౌను ఖాళీగా పెట్టుకుని కూర్చుని, మిగిలిన అద్దె మొత్తం పాతవాడి మీద రుద్దుతానంటే కోర్టు ఒప్పుకోదు. మన వంతు ప్రయత్నం మనం చెయ్యాలి. మధ్యలో పోయిన నెలలూ, తగ్గిన అద్దె తేడా అయితే న్యాయంగా అడగొచ్చు. ఇది చాలామంది యజమానులకు మింగుడు పడదు. వాళ్ళకి మొత్తం కావాలి.

గుడివాడలో కొత్త బోర్డు

చల్లపల్లి, కూచిపూడి, పామర్రు మీదుగా గుడివాడ వెళ్ళాను. కిశోర్ కొత్త దుకాణం వెతకడానికి అట్టే సేపు పట్టలేదు. అవనిగడ్డలో ఉన్నదానికంటే పెద్ద బోర్డు. మేత ఒక్కటే కాదు, మందులూ, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లూ. వ్యాపారం పడిపోయిందన్న మనిషి బోర్డు రంగు ఇంకా ఆరలేదు.

"రండి బాబాయ్‌గారూ! ఎండనపడి వచ్చారే," అన్నాడు.

"మీ రైతులకి తెగులు తగ్గినట్టుందే."

"ఇది మా బావమరిది షాపండీ. నేను ఊరికే కూర్చుంటున్నా."

"ఊరికే కూర్చునేవాడికి క్యాష్ కౌంటరు తాళం ఎందుకయ్యా మొలలో?"

నవ్వాడు. అదే నవ్వు. "మేం మర్యాదగా అప్పగించి వచ్చాం బాబాయ్. పిన్నిగారు దీవించి పంపారు. ఫోటో ఉంది. ఇంకా అడ్వాన్సు మాకే రావాలి."

దుకాణం వెనకే ఇల్లు. ఝాన్సీ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను ఆ అమ్మాయినే ఎక్కువ అనుమానించాను. పళ్ళెంలో తాళం చెవి పెట్టింది తనే కదా. మొగుడు చెప్పి పంపకపోతే ఆ పని ఎవరు చేస్తారు?

"అమ్మాయ్, పిన్నిగారు ఇచ్చిన తాంబూలం ఏం చేశావు?" అన్నాను.

కిశోర్ నవ్వు ఆగింది. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి, దేవుడి గూట్లోంచి సంచీ తెచ్చింది. జాకెట్టు ముక్క అలాగే ఉంది. అరటిపళ్ళు నల్లబడ్డాయి. అడుగున తాళం చెవి.

"ఇదేంటే? ఇది ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు కిశోర్.

"మీరు ఫోటో తీసుకుని బయటికి వెళ్ళాక పిన్నిగారు ఒంపేశారు. బస్సెక్కాక చేతికి తగిలింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే మళ్ళీ పంపేవారుగా. బొట్టు పెట్టించుకున్న గుమ్మంలోకి మర్నాడే వెళ్ళి తాళం చెవి పడేసి రమ్మంటే నావల్ల కాదు. ఫోటో తీస్తారని కూడా నాకు చెప్పలేదు మీరు."

కిశోర్ తెలివైనవాడు. ఒక్క క్షణంలో తేరుకుని తాళం చెవి తీసి నా ముందుకు చాచాడు. "సరే, ఇప్పుడు తీసుకోండి బాబాయ్. ఇచ్చేశాంగా."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.

"తీసుకోండి!"

"తీసుకోను. నేను వాళ్ళ తరఫు మనిషిని. నేను ముట్టుకుంటే వాళ్ళు ముట్టుకున్నట్టే. నీ గోడౌను తాళం నీ చేతిలోనే ఉందయ్యా. అంటే గోడౌనూ నీ దగ్గరే ఉంది. అద్దె నడుస్తోంది."

అతను బల్ల మీద పెట్టాడు. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ఝాన్సీ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి తాళం చెవిని ఎందుకు దాచిందో నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. భయమా, పిన్నిగారి మీద గౌరవమా, మొగుడి మీద కోపమా? ఆ అమ్మాయి చెప్పిన కారణం నిజమే అయ్యుండొచ్చు. మొత్తం కారణం అదే అని మాత్రం నేను రాసివ్వలేను.

సంతకం

నాలుగో రోజుకు కిశోర్ దిగొచ్చాడు. లాయరు గారు కాగితం తయారుచేశాడు. బాకీపడ్డ నెలకీ ఖాళీగా ఉన్న కాలానికీ అద్దె, సుబ్బారావు ఇచ్చేదానికీ లీజులో ఉన్నదానికీ తేడా లాకిన్ తీరేదాకా, ఈ రెండూ అడ్వాన్సులోంచి పోను మిగిలింది వెనక్కి ఇవ్వాలి. శేషగిరి గారు మొత్తం అద్దె కావాలని పట్టుబట్టాడు. బ్యాంకు వాయిదా తేదీ చూపించి ఆయన్ని నేనే ఒప్పించాను. కోర్టుకెళ్తే ఇంకొంచెం రావచ్చు. అది వచ్చేసరికి ఇల్లు ఉండదు. యజమాని తరఫు మనిషి యజమానితో కూడా పోట్లాడాల్సిన రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు వెనక్కి తగ్గేవాడు ఈ పనికి పనికిరాడు.

కిశోర్, ఝాన్సీ ఇద్దరూ శేషగిరి గారింటికి వచ్చారు. వరండాలో స్టూలు మీద అదే ఇత్తడి పళ్ళెం ఉంది, ఝాన్సీ కోసం తీసిపెట్టినట్టుంది. కిశోర్ అందులో తాళం చెవి పెట్టబోయాడు.

"పళ్ళెంలో ఎందుకయ్యా?" అంది రాజ్యలక్ష్మి గారు. "పళ్ళెంలోది నేను ఉంచుకోనుగా. ముందు సంతకం పెట్టు. తర్వాత ఆయన చేతిలో పెట్టు. ఇద్దరికీ ఫోటో తీస్తాను, ఫోను ఇలా ఇవ్వు."

అతని ఫోనుతోనే తీసింది. ఆవిడకు ఫోటో తీయడం వచ్చని శేషగిరి గారికి ఆ రోజే తెలిసింది.

సుబ్బారావు ఇచ్చిన అడ్వాన్సుతో బ్యాంకుకు రెండో వాయిదా సమయానికి వెళ్ళింది. షట్టరు ఎత్తేసరికి సుబ్బారావు వ్యాను వాకిట్లో ఉంది. కుర్చీ ఒక్కటి కూడా దిగకముందే అతను నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏవండీ, తప్పుగా అనుకోవద్దు. ఎప్పుడన్నా మధ్యలో ఖాళీ చెయ్యాల్సొస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలండీ?"

శేషగిరి గారి మొహం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగబోయాడు. నాకు మాత్రం ఆ గోడౌను విషయంలో మొదటిసారి మనసు కుదుటపడింది. రావడంతోనే పోయే దారి అడిగేవాడు చెప్పే పోతాడు. అతని లీజు కాగితంలో లాకిన్ పేజీ తీసి, చదవమని సుబ్బారావుకిచ్చాను.